ఎండిన ప్రాణమును కాచిన చక్కెర

నీరు లేక జీవము లేదు; కాని నిలువచేయదలచిన వస్తువునకు ఆ నీరే శత్రువు. అందువలననే మన పూర్వులు ధాన్యమును, చేపలను ఎండబెట్టి దాచుకొనిరి. అయితే టీకామందువంటి సున్నితమైన పదార్థము ఎండినచో, నీటితోపాటు దాని గుణమును తరచుగా నశించును. ఈ చిక్కునకు శాస్త్రజ్ఞులు కనుగొన్న పరిష్కారములలో చక్కెర ముఖ్యమైనది. దాని వెనుక మూడు శతాబ్దముల చరిత్ర కలదు.

1702లో హాలెండు దేశపు డెల్ఫ్టు నగరవాసి లీవెన్‌హుక్, తన యింటి కప్పు తూములోని ఎండిన మట్టిని నీటిలో నానవేసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నిర్జీవములుగా తోచిన అల్పజీవులు కొంతసేపటికి కదలసాగెను. ఎండిన దేహమున ప్రాణమెట్లు నిలిచినదను ప్రశ్న నాటినుండి పండితులను వేధించెను. 1959లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు డేవిడ్ కీలిన్ ఈ స్థితికి క్రిప్టోబయోసిస్, అనగా గుప్తజీవనము, అని పేరిడెను.

ఈ ప్రశ్నతో సంబంధము లేకుండ మరియొక కథ నడచుచుండెను. 1832లో విగ్గర్స్ అను జర్మను పండితుడు రై ధాన్యమునకు పట్టు ఎర్గాట్ బూజునుండి ఒక చక్కెరను తీసెను. 1858లో ఫ్రెంచి రసాయనికుడు బెర్తెలో, ఒక జాతి పురుగు కట్టు ‘ట్రెహలా’ అను తియ్యని గూటిలో దానినే కనుగొని ట్రెహలోజు అని పేరుపెట్టెను. పిదప అది ఈస్టునందును, ఎండి మరల చిగిర్చు కొన్ని మొక్కలందును కానవచ్చెను. 1984లో కాలిఫోర్నియాకు చెందిన జాన్ క్రో, లోయిస్ క్రో దంపతులు తమ సహచరునితో కలసి, ఈ చక్కెర సమక్షమున ఎండిన కణపు పొరలు చెడక నిలుచునని చూపిరి. రెండు కథలును అచ్చట కలసెను.

దీని పనితీరు రెండు విధములని వివరింతురు. మాంసకృత్తుల ఆకారమును నిలుపు నీటి అణువులు తొలగినపుడు చక్కెర అణువులు వాని స్థానమును ఆక్రమించును. అదియుగాక ముదురుపాకము చల్లారి గాజువలె గట్టిపడినట్లు, ఈ చక్కెర తనలోని అణువులను కదలనీయదు. కదలిక లేనిచో చెడుటయు మందగించును. వానకాలమున మిఠాయి చెమ్మగిల్లి మెత్తబడునట్లే ఈ గాజును తేమకు లొంగును. కనుకనే సీసాలను బిగువుగా మూయుదురు.

అన్ని చక్కెరలును ఇందుకు పనికిరావు. గ్లూకోజు, లాక్టోజు మాంసకృత్తులతో కలసి గోధుమరంగుకు మారి వానిని చెరచును. ఈ చర్యను 1912లో మయార్ అను ఫ్రెంచి రసాయనికుడు వర్ణించెను. సుక్రోజు, ట్రెహలోజు సహజముగా అట్టి చర్య జరుపవు. వీనిలో ట్రెహలోజు గాజు పొడిగా నున్నంతకాలము నూరు డిగ్రీల సెంటీగ్రేడు వేడికిని మెత్తబడదు. ఒకప్పుడు మిక్కిలి ఖరీదైన ఈ చక్కెరను 1990 దశకమున జపానుదేశీయులు పిండిపదార్థమునుండి చౌకగా చేయనేర్చిరి. నేడు రొమ్ము క్యాన్సరుకు వాడు ట్రాస్టుజుమాబ్ ఔషధపు పొడిలో ఇది కలదు.

అయినను చరిత్ర ఒక హెచ్చరిక చేసినది. లీవెన్‌హుక్ చూచిన కోవకు చెందిన రోటిఫెరులలో ట్రెహలోజు లేదని 2003లో తేలినది! ప్రకృతికి చక్కెర ఒక్కటే మార్గము కాదన్నమాట. పైన చెప్పిన ఔషధపు పొడినిగూడ నేటికిని శీతలముననే దాచవలెను. మంచుపెట్టె లేని పల్లెకు ప్రతి మందును చెడకుండ చేర్చు నాటికి గాని, ఆ తూములోని మట్టి వేసిన ప్రశ్నకు మానవుడు పూర్తిగా జవాబు చెప్పినట్లు కాదు.