జీవకణంలో ద్రవ ప్రావస్థల వేర్పాటు

ద్రవ ప్రావస్థల వేర్పాటు అనగా ఒకే ద్రావణం నుండి గాఢమైన ద్రవం బిందువులుగా విడిపడడం. నీటిలో నూనె చుక్కలుగా నిలవడం దీనికి స్థూలమైన పోలిక. మైటోకాండ్రియా వంటి కణాంగాలకు పొర ఉంటుంది. కేంద్రకాంశం వంటివాటికి లేదు. పొర లేకున్నా వాటిలోని పదార్థం చెదిరిపోక నిలవడానికి ఈ ప్రక్రియే కారణమని భావిస్తారు.

2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, ఆంథొనీ హైమన్, వారి సహచరులు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే, సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు పిండంలో పి-రేణువులను పరిశీలించారు. అంతవరకు గట్టి ముద్దలనుకున్న ఆ రేణువులు ఒకదానినొకటి తాకి కలిసిపోయాయి, కేంద్రకంపై జారి చుక్కలుగా రాలాయి. ఏకకణ దశలోని పిండంలో అవి ముందుభాగాన కరిగి, వెనుకభాగాన మళ్ళీ బిందువులయ్యాయి. బీజకణాలకు మూలమైన వెనుక కణానికి అవి చేరేది ప్రధానంగా ఇలాగే. వాటిని ఎవరూ మోసుకుపోనక్కరలేదు.

ప్రోటీనులలో స్థిరాకృతి లేని భాగాలు, ఆర్.ఎన్.ఏ. పోగులు అనేకచోట్ల బలహీనంగా అంటుకుంటాయి. గాఢత ఒక హద్దు దాటితే బిందువు ఏర్పడుతుంది. అందులోని అణువులు మాత్రం కదులుతూ, బయటికీ లోపలికీ వచ్చిపోతూ ఉంటాయి.

ఈ ద్రవత్వం పోతే ప్రమాదం. ఎఫ్.యు.ఎస్. ప్రోటీను బిందువులు పరీక్షనాళికలో కొన్ని గంటలకే నారల ముద్దలుగా గట్టిపడతాయని 2015లో తేలింది. కండరాలను నడిపే నాడీకణాలు నశించే ఎ.ఎల్.ఎస్. వ్యాధికి చెందిన ఒక ఉత్పరివర్తనం ఈ మార్పును త్వరితం చేసింది.

అయితే సూక్ష్మదర్శినిలో గుండ్రంగా కనిపించిన ప్రతిదానినీ ద్రవబిందువనడం తొందరపాటే. హెక్సేన్‌డయోల్ అనే రసాయనంతో కరగడాన్ని ఋజువుగా చూపుతుంటారు గాని, అది కణంలోని ఇతర ప్రక్రియలను కూడా చెడగొడుతుంది.