పన్నెండు రోజుల పొత్తు

ఆపిల్ మూడో భాగస్తుడు రొనాల్డ్ వేన్ కథ మన సాఫ్టువేరు జనంలో చాలామందికి తెలిసిందే. 10 శాతం వాటాని 800 డాలర్లకి వదిలేసుకున్నాడు, పాపం, ఉంచుకునుంటే ఇప్పుడెన్ని కోట్లో అని క్యాంటీనులో లెక్కలేస్తుంటారు. ఆ జాలి చూస్తే నాకు నవ్వొస్తుంది. వేన్ వదులుకున్నది షేర్లు కాదండీ. అప్పటికి ఆపిల్ అసలు కంపెనీయే కాదు, ముగ్గురు కలిసి పెట్టుకున్న పొత్తు. ఆ తేడా పట్టించుకోకపోతే ఆయన చేసింది పిచ్చిపనిలాగే కనిపిస్తుంది.

1976 ఏప్రిల్ 1న ఒప్పందం కాగితం రాసింది వేనే. జాబ్స్‌కీ, వోజ్నియాక్‌కీ చెరో 45, తనకి 10. కుర్రాళ్ళిద్దరికీ మాటామాటా వస్తే తీర్పు చెప్పే పెద్దమనిషి వాటా అన్నమాట. అంతలో జాబ్స్ బైట్ షాప్ అనే కొట్టుకి 50 కంప్యూటర్లు ఇస్తానని ఆర్డరు పట్టాడు. విడిభాగాలేమో అరువు మీద తేవాలి. కొట్టువాడు డబ్బివ్వకపోతే? పొత్తులో లాభం వాటా ప్రకారమే వస్తుంది గానీ, బయటి అప్పుకోసం ఏ భాగస్తుడి సొంత ఆస్తి మీదకైనా రావచ్చు. జాబ్స్‌కి 21 ఏళ్ళు, వోజ్నియాక్‌కి 25. ఇద్దరి దగ్గరా జప్తు చేసుకోడానికి పెద్దగా ఏమీ లేదు. వేన్‌కి 41, నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు, పైగా అంతకుముందే ఒక వ్యాపారంలో చెయ్యి కాల్చుకున్నవాడు. అప్పులవాడు ఎవరి తలుపు కొడతాడో వేరే చెప్పాలా! ఏప్రిల్ 12న తప్పుకున్నాడు.

ఇక్కడే నాకు సరదా అనిపించే సంగతుంది. అప్పట్లో కాలిఫోర్నియాలో నడిచింది 1914 నాటి ఉమ్మడి నమూనా భాగస్వామ్య చట్టం. దాని లెక్కలో ఒక్కడు తప్పుకున్నా పొత్తు మొత్తం రద్దయినట్టే. మిగిలిన ఇద్దరూ మర్నాడు అదే పేరుతో పని చేసుకున్నా అది వేరే పొత్తు. అంటే చట్టం దృష్టిలో మొదటి ఆపిల్ ఆయుష్షు పన్నెండు రోజులు!

అయితే రద్దవడం వేరు, తెమలడం వేరు. అప్పిచ్చినవాడు కూడా ఒప్పుకుంటే తప్ప పాత అప్పులు పోవు. కొత్తవి మెడకి చుట్టుకోకూడదంటే తప్పుకున్నట్టు లోకానికి తెలియాలి. వేన్ కౌంటీ ఆఫీసుకెళ్ళి పేరు తీయించుకుంది అందుకే.

మన దేశంలో 1872 కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉన్న పొత్తుల సంగతిని 1932లో వేరే చట్టంగా చేశారు. అందులో ఒకడు రిటైరవడం వేరు, అందరి మధ్యా ఫర్మ్ రద్దవడం వేరు. అమెరికా నమూనా చట్టంలోకి ఈ తేడా సరిగ్గా వచ్చింది 1990లలో, ఈ ఒక్క విషయంలో మనవాళ్ళే ముందు. గడువూ గట్రా రాసుకోని పొత్తయితే మిగతావాళ్ళకి రాతపూర్వకంగా ఒక నోటీసిస్తే చాలు, రద్దే. తర్వాత లెక్కలు తేల్చాలి: ముందు బయటి అప్పులు, తర్వాత భాగస్తులు ఫర్మ్‌కిచ్చిన అప్పులు, ఆ తర్వాత పెట్టుబడులు, ఇంకా మిగిలితే పంపకం. రిజిస్టరయిన ఫర్మ్ అయితే గెజిట్‌లోనూ, స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వెయ్యాలి. "ఫలానా తేదీ నుంచి ఫలానావారికి మా ఫర్మ్‌తో సంబంధం లేదు" అని పేపర్లో చీమల్లాంటి అక్షరాలతో కనిపిస్తాయే, అవి.

కాగితం లేకుండా ఇద్దరు ఫ్రెండ్స్ లాభం పంచుకుంటూ యాప్ నడిపినా అదీ పొత్తే కావచ్చు. 2008లో ఎల్ఎల్‌పి చట్టం వచ్చింది గానీ, అది నమోదు చేసుకున్నవాళ్ళకే గొడుగు.

ఆపిల్ 1977 జనవరిలో కంపెనీ అయింది. ఇక ఏ హక్కూ లేదని రాయించుకుని వేన్‌కి ఇంకో 1,500 డాలర్లిచ్చారు. ఆ తొలి ఒప్పందం కాగితాన్ని ఆయన 1990లలో 500 డాలర్లకి అమ్మేశాడు. 2011లో సోద్‌బీస్ వేలంలో అది దాదాపు 16 లక్షల డాలర్లు పలికింది. జాలిపడాలంటే దానికి పడండి.