కడలి అంచున కదిలే పైకప్పు: కాసాబ్లాంకా మసీదు నిర్మాణ విశేషాలు

మొరాకోలోని కాసాబ్లాంకా నగరంలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆనుకొని వెలసిన రెండవ హసన్ మసీదు, సంప్రదాయ ఇస్లామీయ వాస్తుకళకు ఆధునిక ఇంజినీరింగ్ తోడైన కట్టడాల్లో ప్రముఖమైనది. రాజు రెండవ హసన్ సంకల్పం మేరకు 1986లో పనులు ప్రారంభం కాగా, 1993 ఆగస్టు 30న మసీదు ప్రార్థనలకు సిద్ధమైంది. ఫ్రెంచ్ వాస్తుశిల్పి మిషెల్ పిన్సో నమూనాను రూపొందించారు. ఫ్రాన్స్‌కు చెందిన బుయిగ్ సంస్థ నిర్మాణ బాధ్యత వహించింది. ప్రజల నుంచి భారీగా విరాళాలు సేకరించారు.

అలలపై పునాది

కట్టడంలో కొంత భాగం నేలపైనా, కొంత భాగం సముద్ర జలాలపైనా నిలిచి ఉంది. ఇక్కడ అలలు పది మీటర్ల ఎత్తు వరకు ఎగసిపడతాయి. వాటి తాకిడిని తగ్గించేందుకు భారీ అడ్డుకట్టలు నిర్మించారు. చతురస్రాకారపు మీనారు ఎత్తు దాదాపు 200 మీటర్లు. అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో ఇంతకన్నా ఎత్తయిన మీనారు వెలిసేవరకు ప్రపంచంలో ఇదే ఎత్తయినది.

ఐదు నిమిషాల్లో ఆకాశం

ప్రార్థనా మందిరంలో 25 వేల మందికి, ఆవరణలో మరో 80 వేల మందికి చోటుంది. మందిరం పైకప్పులోని మధ్యభాగం బరువు సుమారు 1,100 టన్నులు. విద్యుత్ యంత్రాల సాయంతో అది దాదాపు ఐదు నిమిషాల్లో పక్కకు జరిగి మందిరంలోకి వెలుతురును, గాలిని ఆహ్వానిస్తుంది. బరువు తగ్గించేందుకు సంప్రదాయ మట్టి పెంకులకు బదులు పోత అల్యూమినియం పలకలను పైన పరిచారు. లోపలివైపు మాత్రం దేవదారు కలపపై చెక్కిన మొరాకో నగిషీలే కనువిందు చేస్తాయి.

ఉప్పునీటి పరీక్ష

అయితే, ప్రారంభమైన పదేళ్లలోనే సముద్రానికి ఎదురుగా ఉన్న కాంక్రీటు దెబ్బతినసాగింది. ఉప్పునీటిలోని క్లోరైడ్లు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా లోపలి ఉక్కు చువ్వలను చేరి తుప్పు పట్టిస్తాయి. తుప్పు పరిమాణం ఉక్కు కన్నా ఎక్కువ. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపోతుంది. పగుళ్ల గుండా మరింత ఉప్పునీరు చొరబడటంతో నష్టం వేగం పుంజుకుంటుంది.

2005లో చేపట్టిన పునరుద్ధరణలో దెబ్బతిన్న కాంక్రీటును తొలగించి, సాధారణ చువ్వల స్థానంలో క్రోమియం, మాలిబ్డినం కలిసిన డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలను వాడారు. ఇవి క్లోరైడ్లను మెరుగ్గా తట్టుకుంటాయి. వీటి ధర సాధారణ ఉక్కు కన్నా ఎంతో అధికం. అయినా, తీరప్రాంత కట్టడాల్లో తొలినాటి పొదుపు కన్నా దీర్ఘకాలిక మన్నికే ముఖ్యమని ఈ మసీదు అనుభవం చాటుతోంది.