మిలియన్ ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు

సముద్రం అడుగున ఒక సొరచేప పన్ను పడి ఉందనుకోండి. దాని చుట్టూ మాంగనీసు, ఇనుము పొర మీద పొరగా పేరుకుంటాయి. కొన్ని మిలియన్ ఏళ్ళకు అది బంగాళాదుంపంత నల్లటి గడ్డవుతుంది. 1873 ఫిబ్రవరిలో, కేనరీ దీవులకు నైరుతి దిక్కున, చాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ఇలాంటి గడ్డల్ని పైకి లాగింది. ఓడలోని రసాయన శాస్త్రవేత్త బ్యుకానన్ అవి మాంగనీసు ఆక్సైడ్ అని తేల్చాడు.

నదులు మోసుకొచ్చిన లోహం, సముద్రగర్భంలో వేడినీటి బుగ్గలు కక్కిన లోహం నీళ్ళలో కరిగి తిరుగుతుంటుంది. ఆక్సిజన్ తగిలాక మాంగనీసు ఆక్సైడ్‌గా మారి, దొరికిన గట్టి వస్తువుకి అంటుకుంటుంది. ఆ పొర మళ్ళీ నికెల్, రాగి, కోబాల్టులను పట్టుకుంటుంది. కింద బురదలో ఉన్న నీరు కూడా తన వాటా ఇస్తుంది. ఇంతా చేసి, చాలా గడ్డలు పెరిగేది మిలియన్ ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లే. చుట్టూ బురద మాత్రం వెయ్యేళ్ళకే కొన్ని మిల్లీమీటర్లు పేరుకుంటుంది. ఆ లెక్కన గడ్డలన్నీ ఎప్పుడో పూడిపోవాలి. కానీ కోట్ల కొద్దీ గడ్డలు ఇంకా పైనే ఉన్నాయి! బురదలో మెసలే జీవులే వాటిని కదుపుతూ ఉంటాయని ఒక వాదన. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన చిక్కుముడి ఇదే.

వందేళ్ళు తిరిగేసరికి మ్యూజియం వస్తువు కాస్తా నిధి అయింది. 1974లో సీఐఏ, మునిగిపోయిన సోవియట్ జలాంతర్గామిని గుట్టుగా లేపడానికి గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ ఓడను పంపినప్పుడు, బయటికి చెప్పిన సాకు ఈ గడ్డల తవ్వకమే. చాలామంది నమ్మారు. అంతకుముందే ఆశ ఉంటే గానీ అలాంటి అబద్ధం చెల్లదు కదా. 1987లో అంతర్జాతీయ సముద్రగర్భంలో 'పయనీర్ ఇన్వెస్టర్'గా నమోదైన మొదటి దేశం మనదే. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మీద మనకు అన్వేషణ హక్కు దక్కింది.

మరి తవ్వితే ఏమవుతుంది? 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ తీరానికి దూరంగా సముద్రపు అడుగుని నాగలిలాంటి పరికరంతో దున్ని చూశారు. 2015లో తిరిగి వెళ్తే ఆ చాళ్ళు అలాగే ఉన్నాయి.

నా లాప్‌టాప్ బ్యాటరీలో కూడా కోబాల్టు ఉంది. కాబట్టి ఈ తగువులో నేను పక్కింటివాణ్ణేం కాదు. అసలు తవ్వకూడదని తేలిగ్గా అనేయలేను. గనుల్లో పడే కష్టం కూడా తెలిసిందే. అయితే లాభనష్టాల పట్టికలో కాలానికి కూడా ఒక గడి ఉండాలి. చాలెంజర్ వల వేసి 150 ఏళ్ళు దాటింది. ఈలోగా అడుగున మిగిలిన ఒక గడ్డ పెరిగింది ఎంతంటే, సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు.