వయసా, భోజనమా? వృద్ధుల పేగు సూక్ష్మజీవులపై ఒక పునఃపరిశీలన

వయసు పైబడితే పేగులోని సూక్ష్మజీవుల సమూహం దెబ్బతింటుందన్న మాట మన వైద్య వ్యాసాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి ఆధారం ఏమిటని అడిగేవారే కరువయ్యారు. ఆ ఆధారం వెదుకుతూ పోతే తరచూ తగిలేది 2009లో ఫ్రాన్స్‌లో డెనీ మారియా బృందం ప్రకటించిన పరిశీలన. ఫర్మిక్యూట్స్, బాక్టీరాయిడిటీస్ అనే బ్యాక్టీరియా వర్గాల నిష్పత్తి శిశువుల్లో 0.4, పెద్దల్లో 10.9, వృద్ధుల్లో 0.6 అని వారు లెక్కగట్టారు. ముసలితనం రెండో పసితనమని నమ్మేవారికి ఈ మూడు అంకెలూ చక్కగా కుదిరాయి.

నా అభ్యంతరం ఇక్కడే. ఒక్కో వయోవర్గంలో పరీక్షించింది దాదాపు ఇరవై మంది చొప్పున మాత్రమే. పైగా శిశువులు, పెద్దలు, వృద్ధులు వేర్వేరు మనుషులు. ఒకే మనిషిని యౌవనం నుంచి వార్ధక్యం దాకా వెంబడించి చూసింది లేదు. ఆ వృద్ధులు ఏం తింటున్నారో, ఎవరింట ఉంటున్నారో ఆ నిష్పత్తి చెప్పదు. అలాంటి అంకెను వయసు ఖాతాలో ఎలా వేస్తాం?

2012లో ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఎల్డర్‌మెట్ అధ్యయనం ఈ ప్రశ్నను సూటిగా పట్టుకుంది. 178 మంది వృద్ధుల మలం నమూనాలు పరీక్షిస్తే, వారి సూక్ష్మజీవులు నివాసాన్ని బట్టి గుంపులుగా విడిపోయాయి. సొంత ఇళ్లలో ఉన్నవారిది ఒక తీరు, దీర్ఘకాలం సంరక్షణ గృహాల్లో ఉన్నవారిది మరో తీరు. ఆహారం ఆధారంగా విడదీసినా దాదాపు అవే గుంపులు తేలాయి. ఇళ్లలో ఉన్నవారి భోజనంలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ. కూరగాయలు, పండ్లు మారుతూ ఉండేవి. సంరక్షణ గృహాల్లో మెదిపిన బంగాళదుంప నిత్యం ఉండేది; పీచు తక్కువ, కొవ్వు ఎక్కువ. అక్కడివారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గింది, రక్తంలో వాపు సూచికలు పెరిగాయి, ఒంట్లో బలహీనత ఎక్కువైంది. గృహంలో చేరాక ముందు మారింది భోజనం. సూక్ష్మజీవులు ఆ వెనుక, నెలల మీద మారాయి. పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాకు మేత అందకపోతే అవి తగ్గిపోవడంలో వింతేముంది?

సంరక్షణ గృహాల్లో చేరేవారు ముందునుంచే జబ్బుపడినవారనీ, మందులు ఎక్కువగా వాడతారనీ కొందరు అంటారు. అందులో కొంత నిజం ఉంది; అయితే అది కూడా జబ్బునూ మందులనూ వేలెత్తి చూపుతుంది గానీ వయసును కాదు.

ఇక వయసే కారణమనుకుంటే, ఇటలీ పరిశోధకులు 2016లో చూపిన 105 ఏళ్లు దాటినవారి సంగతేమిటి? అక్కెర్‌మాన్సియా, బిఫిడోబాక్టీరియం వంటి మేలుచేసే జాతులు వారిలో ఎక్కువగా కనిపించాయి. క్షీణతకు వయసే కారణమైతే అందరికన్నా ముందు ఖాళీ కావలసింది వారి పేగులే.

కాబట్టి ముసలి పేగు అనేది లేదనే నా నిర్ణయం; ఉన్నది పస్తు పడ్డ పేగు. మన ఊళ్లలో వృద్ధాశ్రమాల వంటగదుల్లో నేను చూసింది కూడా ఇదే: మెత్తగా ఉడికిన అన్నం, పలుచని చారు, మజ్జిగ. పళ్లు ఊడినవారు నమలలేరని ఆకుకూరలు, జొన్నరొట్టె, చిక్కుడుకాయ వడ్డనలోంచి తప్పించేస్తారు. కట్టుడు పళ్లు అమర్చడం, కూరలు మెత్తగా వండి పెట్టడం వైద్యంలో భాగమని గుర్తించాలి. వృద్ధుల మలం నమూనాలు సేకరించే మన పరిశోధకులకు నా విన్నపం ఒకటే: వయసుతోపాటు నోట్లో పళ్లెన్ని ఉన్నాయో, నిన్న ఏం తిన్నారో, ఎవరు వండిపెట్టారో తప్పక నమోదు చేయండి.