అయ్యకు జబ్బు చేసిన ఏడు

ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యరా, పొగ మీదికొస్తోంది. గుర్రాల సంగతి అడిగావు కదే అమ్మాయ్, చెప్తా విను.

ఇప్పుడు మారేడుమిల్లి నుంచి గుర్తేడుకు మోటారుసైకిలేసుకుని పోతున్నారు. మా చిన్నప్పుడు కాలినడకే. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు పైకి పోవాలి. చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయలు సంతకు దిగాలి. కావడి మోసేవాడు మోసేవాడే, గుర్రం ఉన్నవాడికి కాస్త సుఖం. పాడేరు, హుకుంపేట వైపు ఈనాటికీ ఉన్నాయి, మన వైపు తక్కువ. గుర్రమంటే మీకు సినిమాలో సీతారామరాజే గుర్తొస్తాడు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో కొట్టాడాయన. మావి అలాంటి సవారీ గుర్రాలు కావులే. మూటలు మోసే పొట్టివి. అయ్యకు రెండుండేవి, ఒక బూడిదరంగు ఆడది, ఒక నల్లది.

అయ్యకు దగ్గు పట్టింది. జ్వరమంటే మన్యంలో మలేరియానే అనుకుంటాం, కొయినా మింగాడు. తగ్గలేదు. గళ్ళలో నెత్తురు కనబడ్డాక డోలీ కట్టి దించారు. కాకినాడ పెద్దాసుపత్రిలో క్షయ అన్నారు. అప్పట్లో ఇప్పటిలా ఆరు నెలల మందు కాదు, స్ట్రెప్టోమైసిన్ సూదులు, మాత్రలు, ఏడాది పైమాటే. అమ్మ ఆయన దగ్గరుండాలి. పోడు చిన్నాన్న చూస్తానన్నాడు గానీ గుర్రాలంటే ఆయనకు భయం.

గుర్రానికి రోజూ మనిషి చెయ్యి తగలాలిరా. గంత దింపగానే వీపు తడిమి చూడాలి. రాసుకున్నచోట పుండు లేస్తుంది, ఈగ వాలిందా పురుగు పడుతుంది. వానాకాలం జోరీగలు కుట్టి రక్తంలోకి జబ్బు ఎక్కితే, మేస్తూనే చిక్కిపోతుంది. లేత గడ్డి అతిగా మేస్తే కడుపునొప్పి. ఆవులా నెమరెయ్యదు, కక్కుదామన్నా కక్కలేదు, దొర్లి దొర్లి చస్తుంది.

అమ్మ వారం రోజులకని పైకొచ్చింది, వాటికి ఇల్లు చూడ్డానికి. గోకవరం నుంచి జట్కావాడొకడు కబురు తెలుసుకుని వచ్చాడు, రొక్కం చేతిలో పెడతానన్నాడు. డబ్బు అవసరమే మాకు. అమ్మ నల్లదాని ముందుకాలు ఎత్తి డెక్క చూపించింది. నాడా ఎరగని డెక్క, అంచులు రాళ్ళకు అరిగి ఉన్నాయి.

"తారురోడ్డు మీద దీన్నెన్నాళ్ళు నడుపుతావు బాబూ?"

"నాడాలు కొట్టిస్తానమ్మా."

"ఉలవలు పెడతావా?"

వాడు నవ్వాడు. అమ్మ కాలు దించేసింది, అంతే బేరం.

చుట్టాల్లో సగంమంది మాకొద్దన్నారు. క్షయ ఇంటి గుర్రం, జబ్బు వెంటొస్తుందని. మా పెద్ద మేనత్తయితే గుమ్మంలోకి రానివ్వలేదు. ఆవిడ పోయి ఎన్నాళ్ళయిందో, నా కోపం మాత్రం పోలేదు.

ఆడదాన్ని చివరికి మా మేనమామ తీసుకున్నాడు, పాలికి. మేపినందుకు మొదటి పిల్ల ఆయనది, రెండోది మాది. ఇక నల్లది. అది కరుస్తుంది. పై ఊరి బడికి కొత్తగా వచ్చిన మేష్టారు అడిగారు. పల్లం మనిషి, ఆ ఎక్కుడుకు నడవలేక కాళ్ళు వాచిపోయాయి పాపం. "రోజూ వచ్చి నీళ్ళకు తోలండి మేష్టారూ, తర్వాత చూద్దాం" అంది అమ్మ. మొదటిరోజే భుజం మీద కరిచింది. మర్నాడు కట్టు కట్టుకుని మళ్ళీ వచ్చారాయన. అమ్మ ఇంకేమీ అడగలేదు, పగ్గం చేతికిచ్చేసింది. జీతం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం పంపేవారు. సూదులు సర్కారువే అనుకో, గుడ్లకీ పాలకీ, కాకినాడలో అమ్మ ఉన్న గది అద్దెకీ ఆ డబ్బే.

అయ్య తిరిగొచ్చాడు గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగడుగులు ఎక్కితే ఆయాసం. మూడో ఏడు మామ రెండో పిల్లను తోలుకొచ్చాడు, మాట ప్రకారం. అయ్య దాని చెవులు నిమిరి, కాళ్ళు చూసి, "దీని చాకిరీ నావల్ల కాదు బావా, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. మామ ఒప్పుకోక రెండు కుంచాల ఉలవలు మా ఇంట్లో పోసి మరీ తీసుకెళ్ళాడు.

మేష్టారికి ఆ ఎండాకాలమే బదిలీ అయింది. నల్లదాన్ని ఎవరికిచ్చారని అయ్య కబురు పెట్టి అడిగించాడు. తన దగ్గర చదువుకున్న కుర్రాడికేనట. వాడిచేతా ముందు వారంపాటు నీళ్ళకు తోలించారట, రెండు కాట్లు పడ్డాయట.