గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్: యానాంలో రంగస్వామిని ఓడించిన స్వతంత్రుడు

గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 2021 ఎన్నికల్లో యానాం నుంచి పుదుచ్చేరి శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికయ్యారు. ఆయన ఓడించింది ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత, ఆ ఎన్నికల తరువాత ముఖ్యమంత్రి అయిన ఎన్. రంగస్వామిని. ఆధిక్యం 655 ఓట్లు.

తమిళ పత్రికల్లో, కొన్ని ఆంగ్ల పత్రికల్లో ఆయన ఇంటిపేరు 'కొల్లపల్లి' అని కనిపిస్తుంది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కావడమే ఇందుకు కారణం. తెలుగువారి పేర్లు పుదుచ్చేరి చేరేసరికి ఇలా మారడం యానాం వాసులకు కొత్తేమీ కాదు.

పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికయ్యే 30 మందిలో తెలుగు ప్రాంతం నుంచి వెళ్లేది ఒక్కరే. కాకినాడకు కూతవేటు దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్లలో ఉన్న యానాం జనాభా 2011 లెక్కల ప్రకారం 55,626. రాజధాని మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. అందుకే ఇక్కడ పార్టీ కన్నా మనిషి ముఖ్యం. పింఛను నుంచి వరద సాయం దాకా అంత దూరాన మన గోడు వినిపించేది ఎవరన్నదే ఓటరు ప్రశ్న. పూర్వం కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు పలుమార్లు గెలిచి స్పీకరు కూడా అయ్యారు. 1996 నుంచి మల్లాడి కృష్ణారావు వరుసగా గెలుస్తూ వచ్చారు. ఆయన కూడా మొదట స్వతంత్రుడిగానే నెగ్గి, తరువాత కాంగ్రెస్‌లో ఉండి, నారాయణస్వామి ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రిగా పనిచేశారు.

2021 మొదట్లో మల్లాడి మంత్రి పదవికి, శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఎన్నికల్లో తాను నిలబడకుండా రంగస్వామికి మద్దతుగా నిలిచారు. రంగస్వామి తన సొంత ప్రాంతంలోని తట్టాంచావడితో పాటు యానాంలోనూ నామినేషన్ వేశారు. కాంగ్రెస్ ఇక్కడ అభ్యర్థిని పెట్టకుండా అశోక్‌ను బలపరిచింది. దాంతో పాతికేళ్లుగా ఎదురులేని నాయకుడి బలం, ఎన్డీయే ముఖ్య నేత పేరు ఒక వైపు, రాజధానిలో పెద్దగా పేరు వినబడని స్థానిక యువకుడు మరో వైపు అయ్యారు.

రంగస్వామి గెలిస్తే యానాం ముఖ్యమంత్రి నియోజకవర్గం అవుతుందన్నది పెద్ద ఆశే. కానీ రెండు చోట్లా గెలిచినవారు ఒకటి వదులుకోవలసిందే. వదులుకునేది యానామే అయితే? ఆ అనుమానానికి చోటు ఉండనే ఉంది. ఉపాధి మాట సరేసరి. 2012 జనవరి 27న ఘర్షణల తరువాత రీజెన్సీ సెరామిక్స్ మూతపడి వేలాది కుటుంబాల జీవనం దెబ్బతింది. అప్పటి నుంచి ఏ అభ్యర్థి వచ్చినా ముందు వినవలసి వచ్చేది ఉద్యోగాల ప్రశ్నే.

ఏప్రిల్ 6న జరిగిన పోలింగ్‌లో 90 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. మే 2న లెక్కింపులో అశోక్‌కు 17,132 ఓట్లు, రంగస్వామికి 16,477 ఓట్లు వచ్చాయి. తట్టాంచావడిలో గెలిచిన రంగస్వామి మే 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అంటే యానాం ఓడించిన నాయకుడి చేతికే యానాం నిధులు వెళ్లాయి. ఫలితం తీపి అయినా, కొత్త ఎమ్మెల్యేకు ఇది ఇరుకైన స్థితే.

కాంగ్రెస్ మద్దతుతో గెలిచిన అశోక్, ఫలితాల తరువాత బీజేపీకి మద్దతు ప్రకటించారు. ఓటు వేసినవారిలో కొందరికి ఇది నచ్చకపోయి ఉండవచ్చు. అయితే ప్రతిపక్షంలో ఒంటరిగా కూర్చుంటే ఫైలు కదలదన్నది కూడా యానాం అనుభవమే. అధికార పక్షం వైపు ఉన్నా పనులు సాఫీగా సాగలేదు. యానాంను ప్రభుత్వం నిర్లక్ష్యం చేస్తోందంటూ 2022లో ఆయన శాసనసభ ఆవరణలోనే నిరసనకు కూర్చున్నారు.